దక్షిణ ఇండియా సంఘము: కలసినదెంత, మిగిలినదెంత?

1947 ఆగస్టు 15వ తేదీన దేశమున అధికారము చేతులు మారినది. అటుపిమ్మట 43 దినములకు, సెప్టెంబరు 27న, మద్రాసునందలి సెంటు జార్జి కథీడ్రలులో మఱియొక మార్పు జరిగెను. ఆంగ్లికను సంఘపు నాలుగు అధ్యక్షఖండములు, మెథడిస్టు సంఘపు దక్షిణ భారత శాఖ, 1908లో ప్రెస్బిటీరియనులును కాంగ్రిగేషనలిస్టులును కలసి యేర్పఱచుకొనిన ఐక్య సంఘములో అధిక భాగము, ఈ మూడును తమ వేర్వేరు పేళ్లను విడిచి దక్షిణ ఇండియా సంఘము అనుపేర నొక్కటియైనవి. బిషప్పుల పాలన గల సంఘమును, ఆ పదవినే యెఱుగని సంఘములును ఈ విధముగ కలియుట ఐరోపాలోని మతసంస్కరణోద్యమము తరువాత ప్రపంచమున నదియే ప్రథమము. ఇంగ్లండులో సాధ్యము గాని పని యిచట నేల సాధ్యమయ్యెనో విచారింపదగియున్నది.

తెలుగుదేశమున నీ భేదములు ప్రజలు కోరి తెచ్చుకొనినవి కావు. మిషను సంఘములు పరస్పరము పోటీ పడకుండుటకై జిల్లాలను పంచుకొనెను. బందరు, ఏలూరు ప్రాంతములు ఆంగ్లికనులవి, మెదకు వెస్లియనులది, కడప, జమ్మలమడుగు ప్రాంతములు లండను మిషనువి, గుంటూరు లూథరనులది, ఒంగోలు అమెరికను బాప్టిస్టులది, కాకినాడ కెనడా బాప్టిస్టులది. ఏ దొర యే తాలూకాకు ముందుగ వచ్చెనో అదియే అచ్చటి పల్లెవాని శాఖ. వెస్లీ వాదమును, కాంటర్బరీ వాదమును తూచిచూచి యొకదానిని వరించినవాడు ఆ పల్లెలలో ఎచటనుండును? పరదేశపు చరిత్రలో పుట్టిన తగవులను మనవారు మోయవలసిన పనిలేదని 1919లో తరంగంబాడియందు సమావేశమైన 33 మంది పెద్దలు ప్రకటించిరి. వారిలో ఇద్దరు తప్ప తక్కినవారెల్లరును భారతీయులే. వారిలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడయ్యు దోర్నకలునకు వచ్చి తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పయ్యెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిన ఈతడు సంఘైక్యమునకై పాతికేండ్లు శ్రమించి, 1945 జనవరి 1న గతించెను. తన కోర్కె యీడేరుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

ఇన్నేండ్లు పట్టుటకు కారణము ఒక్కటియే. బిషప్పు హస్తనిక్షేపణము పొందని గురువు గురువగునా యను ప్రశ్న. వెనుకటి గురువులకు మరల పట్టము కట్టుదుమన్నచో, ఇన్నాళ్లు వారిచ్చిన సంస్కారములు చెల్లవని చెప్పినట్లగును. కట్టనిచో ఆంగ్లికనుల మనస్సు ఒప్పదు. తుదకు కుదిరిన యేర్పాటు మెచ్చదగినది. ఉన్న గురువులెల్లరును ఉన్నట్లే అంగీకృతులు. ఇకమీద పట్టము బిషప్పులచేతనే జరుగును. ఇతర సంఘములనుండి వచ్చు గురువుల విషయము ముప్పదియేండ్లు గడచిన పిమ్మట నిర్ణయించుకొనవచ్చును. అంతవఱకు, తన కలవాటు లేని ఆరాధనను గాని, తన మనస్సాక్షి యొప్పని గురువును గాని యే సంఘముపైనను బలవంతముగ రుద్దరాదు. వాదముచే తెగని చిక్కును కాలమునకు విడుచుట పిఱికితనమని కొందఱనిరి. మాకట్లు తోపదు. ఒకే బల్లయొద్ద ముప్పదియేండ్లు కూర్చున్నవారికి తగవు కారణమే మఱపునకు వచ్చును, వచ్చినది కూడ.

దీనికి చెల్లించిన మూల్యము లేకపోలేదు. 1948 నాటి లాంబెత్ సభ క్రొత్త సంఘమును పూర్ణముగ ఆదరింపలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది ఐక్యమున చేరక కలకత్తా మెట్రోపాలిటనుకు లోబడియే యుండిరి. వారికి 1963లో ప్రత్యేకముగ అధ్యక్షఖండము ఏర్పడెను. 1970 దశకమున గాని వారు వచ్చి కలియలేదు. అట్లు కడపట వచ్చిన నంద్యాలయే 2013లో, దక్షిణ ఇండియా సంఘమున ప్రథమ మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలితగారిని పొందుట విశేషము. బలవంతము చేయకుండుటవలన నష్టమే కలుగునని వాదించువారు ఈ నంద్యాల చరిత్రను చూడవలెను.

గుంటూరు లూథరనులు, ఒంగోలు బాప్టిస్టులు నేటికిని వెలుపలనే యున్నారు. 1970లో నాగపురమున నేర్పడిన ఉత్తర భారత సంఘము శిశు బాప్తిస్మమును, పెద్దల బాప్తిస్మమును రెంటిని అంగీకరించి అచటి బాప్టిస్టులలో కొందఱను చేర్చుకొనగలిగెను. ఇచట నట్టి యత్నము ఫలింపలేదు. ఈలోపల మిషనుల యాశ్రయము లేకయే, భక్తసింగు 1950 ప్రాంతమున హైదరాబాదులో నెలకొల్పిన హెబ్రోను వంటి స్వతంత్ర సంఘములు పెరిగినవి.

అయినను మా విచారమంతయు వేరొక విభజనను గూర్చి. ఐక్యప్రణాళిక లండను, జెనీవా, కాంటర్బరీల భేదములను తీర్చినది. మన యూళ్లలో మాలపల్లె గుడియు మాదిగపల్లె గుడియు వేర్వేరుగ నిలిచియుండుటకు ఆ నగరములు కారణములా? పెక్కు గ్రామములలో వేదాంత భేదమేమియు లేకయే రెండు ప్రార్థనాలయములు కలవు. పెండ్లి సంబంధములు అటునుండి ఇటు దాటవు. అధ్యక్షఖండముల యెన్నికలలో ఆ లెక్కయే వినవచ్చుచున్నది. దూరదేశపు తగవును తీర్చుకొనుట సులభము. ప్రక్కవీధి తగవు కష్టము. పట్టమెవరు కట్టవలెనను దానికి ముప్పదియేండ్ల గడువుతో మార్గము చూపిన పెద్దలు దీనికి అట్టి గడువే పెట్టలేదు.

ఆస్తి సంగతియు నట్టిదే. విదేశీ మిషనుల భూములు, బడులు, ఆసుపత్రులు ఐక్యముతోబాటు సంఘపు ట్రస్టు క్రిందికి వచ్చినవి. హస్తనిక్షేపణము ఎవరిదను వాదము అణగి, తాళపుచెవులు ఎవరివను వాదము లేచినది. 2024 ఏప్రిలులో సినడు నిర్వహణను మద్రాసు హైకోర్టు ఇద్దఱు విశ్రాంత న్యాయమూర్తులకు అప్పగింపవలసి వచ్చుట, ఆ సంఘాభిమానులకు ఎంత బాధాకరమో చెప్పనక్కరలేదు.

దోర్నకలు, మెదకు, కరీంనగరు, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల అను ఆఱు అధ్యక్షఖండములు నేడు తెలుగునాట కలవు. కోర్టుల తీర్పులకై వేచియుండక ఇవి చేయగల పనులు రెండున్నవి. ఒకే యూరిలోని రెండు పల్లెల సంఘములకు ఒకే పెద్దల కమిటీని, ఒకే పద్దును ఏర్పఱచుట యొకటి. ఆస్తుల ఆదాయవ్యయముల పట్టికను ఏటేట ప్రతి గుడిలోను ఆదివారమునాడు బిగ్గరగా చదివించుట రెండవది. మొదటిదానికి గడువు కావలెనన్నచో పెట్టుకొనవచ్చును. రెండవదానికి వచ్చు ఆదివారమే చాలును.