ఆవులించువాని అసలు పేరు

జెరోనిమో పేరు వినగానే గుర్రమెక్కి తుపాకి పట్టిన అపాచీ యోధుడు మనకు స్ఫురిస్తాడు. కానీ అది ఆయన కన్నవారు పెట్టిన పేరు కాదు. 1829 ప్రాంతంలో అపాచీలలోని బెదొంకోహే శాఖలో జన్మించిన ఆ శిశువు పేరు గొయాథ్లే. ఆ మాటకు వారి భాషలో 'ఆవులించువాడు' అని అర్థం చెబుతారు. అందులో భీకరత్వం లేదు. పొత్తిళ్ళలోని బిడ్డను చూసి మురిసిన ఇంటి చనువు వినిపిస్తుంది.

1850ల దశకంలో మెక్సికో సైనికులు అపాచీ శిబిరంపై దాడిచేసి ఆయన తల్లిని, భార్యను, ముగ్గురు బిడ్డలను హతమార్చారు. ఆ తరువాతి పోరాటాలలోనే 'జెరోనిమో' అన్న పేరు స్థిరపడింది. అది క్రైస్తవ సాధువు జెరోమ్ నామానికి స్పానిష్ రూపం. భయంతో సైనికులు ఆ సాధువును శరణుకోరి అరిచారని ఒక కథనం. అసలు పేరు పలకలేక అలా మార్చారని మరొక కథనం. ఏది నిజమైనా, లోకం గుర్తుంచుకున్నది శత్రువు నోటి మాటనే.

1886లో లొంగిపోయిన ఆయన 1909లో ఓక్లహామాలోని ఫోర్ట్ సిల్‌లో యుద్ధఖైదీగానే కన్నుమూశారు. చెరపట్టిన అపాచీల పిల్లలను పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలకు తరలించి ఇంగ్లీషు పేర్లు తగిలించారు. డక్లూగీ అనే బాలుడు అక్కడ 'ఏసా' అయ్యాడు. 1906లో వెలువడిన జెరోనిమో ఆత్మకథకు దుబాసీగా నిలిచినవాడు ఆ డక్లూగీయే. పాఠశాల పేరును మార్చగలిగింది గాని, భాషను మాన్పించలేకపోయింది.

తమ సమాజాలకు, స్థలాలకు, వ్యక్తులకు స్వీయనామాలు పెట్టుకొని నిలుపుకొనే హక్కు ఆదివాసులకున్నదని 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన 13వ అధికరణం చెబుతున్నది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. వ్యతిరేకించిన అమెరికా 2010 డిసెంబరులో మద్దతు తెలిపింది. అయిదు నెలలు తిరగకుండానే, 2011 మే నెలలో, బిన్ లాడెన్‌పై జరిపిన సైనికచర్యలో జెరోనిమో పేరును సంకేతపదంగా వాడింది. ఫోర్ట్ సిల్ అపాచీల నాయకత్వం అధ్యక్షునికి లేఖ రాసి నిరసించింది. శత్రువు పెట్టిన పేరును మరల శత్రువుకే తగిలించడం వారికి రెండవ గాయమైంది. అంగీకరించిన హక్కును ఆచరణలో నిలబెట్టడానికి అడిగేవారు ఉండాలని ఈ ఉదంతం చెబుతున్నది.

మన ఇక్కట్లు అపాచీల వేదనతో సమానమని నేననను; అలా అనడం వారికి అన్యాయం. అయినా క, గ లకు ఒకే అక్షరమున్న తమిళ లిపిలో బిడ్డ పేరు నమోదైన తెలుగు కుటుంబానికి ఈ కథలోని ఒక పాఠం అవసరం. రికార్డులో పడిన పేరే రేపు న్యాయస్థానంలో సాక్ష్యం. కనుక బడిలో చేర్చేనాడు దరఖాస్తును అక్షరమక్షరం సరిచూసి సంతకం చేయండి. ఆ పేరుకు అర్థమేమిటో ఇంట్లో మన మాటలోనే బిడ్డకు చెప్పండి. గొయాథ్లే అంటే ఏమిటో నేడు మనకు తెలుస్తున్నదంటే, ఆయన జనం ఆ పేరును నోటి మీద నిలుపుకోవడం వల్లనే.