బోటు అడుగున దిగేది ఎవరు?

జహీరాబాద్‌కూ సముద్రానికీ ఏం సంబంధం అని అడిగేవాళ్లు ఉంటరు. మన దగ్గర అలల్లేవు, ఉప్పుగాలి లేదు. జొన్న చేను, చెరుకు బండి, అల్లం మడి, బొంబాయి రోడ్డు, ఇదే మన లోకం. కానీ ఆ బొంబాయి రోడ్డే షోలాపూర్ మీదుగా పోయి రేవులో తేలుతది. వాన ఎగ్గొట్టిన ఏడు వెలివాడ నుంచి బస్సెక్కినోడు రాళ్లు కొట్టాల్నా, మట్టి మొయ్యాల్నా, బోటెక్కాల్నా అన్నది అక్కడి మేస్త్రీ చెప్తడు. ఎక్కినోని ఇష్టంతోని పని లేదు. అందుకే సముద్రం మీది కూలి గురించి మనం మాట్లాడుకోవాలె.

అసలు సముద్రం మనకు కొత్త కాదు. నీళ్లు దాటితే కులం చెడుతుందని రాసుకున్నోళ్లు ఒడ్డున కూచున్నరు. చెడటానికి కులమే లేదన్నోళ్లను ఓడల్లో నింపి పంపిండ్రు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అని పేరు పడ్డది. 1930 మే నెలలో రంగూన్ రేవులో ఈ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టిండ్రు. ఓడల దొరలు బర్మా కూలీలను పనిలో దింపిండ్రు. సమ్మె తీరి మనోళ్లు తిరిగి వస్తే బర్మా కూలీలను పొమ్మన్నరు. కూలోనికీ కూలోనికీ మధ్య కత్తులు లేచినయి. వందమందికి పైగా చచ్చిపోయిండ్రు, ఎక్కువమంది ఇండియా నుంచి పోయిన కూలీలే. ఓడల దొరలకు గీత కూడా పడలేదు.

ఇప్పటి సంగతి చూద్దాం. బొంబాయికి పడమర 160 కిలోమీటర్ల దూరాన నడి సముద్రంలో బొంబాయి హై ఉంది. 1974లో అక్కడ చమురు పడ్డది, 1976లో తోడుడు మొదలైంది. తూర్పున కాకినాడ ఎదుట 2009 నుంచి లోతు నీళ్లలోంచి గ్యాసు తీస్తున్నరు. ఇనుప కాళ్ల మీద నిలబడ్డ ఈ ఊర్లకు చేను లేదు, బావి లేదు. తాగే నీళ్లు, డీజిలు, సిమెంటు, పైపులు, బోరు తవ్వేటప్పుడు లోపలికి పంపే మందు బురద, బియ్యం, ఉల్లిగడ్డ అన్నీ సప్లై బోట్లే మోస్తయి. తిరుగు దారిలో అక్కడి చెత్త మోస్తయి. హెలికాప్టర్‌లో పోయే ఇంజనీరు ఫొటో పేపర్ల పడుతది. బోటు ఫొటో మునిగినప్పుడే పడుతది.

బోటు ముందర గదులుంటయి, వెనక పొడుగాటి బోసి డెక్కు. రిగ్గు కింద నిలబడ్డ బోటు అలకు లేస్తది, పడుతది. పైనుంచి క్రేను కొక్కెం ఊగుకుంట దిగుతది. దాన్ని పట్టి టన్నుల బరువున్న పెట్టెకు తగిలించి పక్కకు ఉరకాలె. బిగిసిన మోకు తెగి ఎగిరొస్తే కాలు పోతది, తలకాయ పోతది. చిన్న బోట్లలో మనుషులు తక్కువ కాబట్టి ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి, మళ్లీ ఆరు గంటలు పని. అంటే రోజుకు పన్నెండు గంటలు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యునిగా ఉండి బాబాసాహెబ్ కొట్లాడిన ఎనిమిది గంటల పని రేవు గేటు దగ్గరనే ఆగిపోయింది.

అన్నిటికన్నా అడుగున ఉన్నది ట్యాంకు పని. బురద మోసిన ట్యాంకులో మడ్డి పేరుకుంటది. మనిషి పట్టేంత రంధ్రంలోంచి దిగి, పార పట్టి, పైపు పట్టి దాన్ని కడగాలె. లోపల గాలి ఆడదు. కుళ్లిన మడ్డిలో విషవాయువు పుడుతది. ముందు దిగినోడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు పడిపోతడు. ఈ చావు మనకు ఎక్కడో చూసినట్టు లేదా? హైదరాబాద్ మ్యాన్‌హోల్‌లో చూసిన చావే ఇది.

మ్యాన్‌హోల్ చావుకు పోరాడి ఒక చట్టం తెచ్చుకున్నం. 2013 చట్టం మురికి కాలువలో, సెప్టిక్ ట్యాంకులో రక్షణ లేకుండ మనిషిని దించొద్దన్నది. అందులో చనిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇయ్యాలని 2014లో, 30 లక్షలు ఇయ్యాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బోటు ట్యాంకు ఆ చట్టంలో లేదు. చెయ్యి అదే, పార అదే, గాలి అదే. మరి చావుకు వేరే లెక్క ఎందుకు?

'సముద్రంలో కులమెక్కడిది, అందరూ ఒకే బోటులో ఉన్నరు గదా' అంటరు పెద్దమనుషులు. ఒకే బోటే. ట్యాంకులో దిగే వంతు మాత్రం అందరికీ రాదు. ఓఎన్జీసీ సర్కారు కంపెనీ. దాని సొంత ఉద్యోగాల్లో మనకు రిజర్వేషన్ ఉంది. అది కిరాయికి తీసుకునే ప్రైవేటు బోట్లలో, కాంట్రాక్టు పనిలో లేదు. హక్కున్న పని పైన, హక్కులేని పని కింద. దీన్ని కులం కాదంటే ఇంకేమంటరు?

ప్రాణం విలువ రెండుసార్లు చూసినం. 2005 జులై 27న సముద్ర సురక్ష అనే సహాయ నౌకలో వంటమనిషి వేళ్లు తెగినయి. వాన కాలం, హెలికాప్టర్ రాలేదు. గాయపడ్డ మనిషిని అప్పజెప్పేందుకు నౌక ప్లాట్‌ఫాం దగ్గరికి వచ్చి గ్యాసు గొట్టానికి తగిలింది. ప్లాట్‌ఫాం కాలిపోయింది, 22 మంది పోయిండ్రు. 2021 మే 17న తౌక్తే తుఫానులో పీ-305 బార్జి, వరప్రద టగ్గు మునిగినయి. బార్జి మీద 261 మంది, టగ్గు మీద 13 మంది. మొత్తం 86 మంది పోయిండ్రు. టగ్గులో మిగిలింది ఇద్దరే. తుఫాను వస్తుందని వాతావరణ శాఖ ముందుగాలనే చెప్పింది. పోలీసులు గల్లంతైన కెప్టెన్, మరికొందరి మీద కేసు పెట్టిండ్రు. తుఫాను ముందర బోటును ఒడ్డుకు తెప్పించే అధికారం ఎవరి చేతుల్లో ఉంటదన్న ప్రశ్న మాత్రం కూలోడు అడిగితేనే బయటికొస్తది.

మునగకుండ వదిలేసే పద్ధతి కూడా ఉంది. యజమాని జీతాలు ఆపి, తిండి ఆపి, బోటును మనుషులతో సహా వదిలి మాయమైతడు. 2024లో ఇట్ల 312 ఓడల మీద 3,133 మందిని వదిలేసిండ్రని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క చెప్పింది. అందులో 899 మంది భారతీయులు, అన్ని దేశాలకన్నా ఎక్కువ.

తమ్ముళ్లకు చెప్పేది ఒక్కటే. ఓడ కొలువు ఇప్పించేందుకు పైసలు తీసుకునుడు నేరం. ఏజెంటుకు నౌకాయాన డైరెక్టరేటు లైసెన్సు ఉందా చూడండి. బోటు పేరు, ఏ దేశం జెండా, ఎన్ని నెలల ఒప్పందం అన్నీ కాగితం మీద రాయించుకోండి. టూరిస్టు వీసా మీద ఎక్కొద్దు. 2008 నుంచి మాచ్నూర్‌లో మన దళిత ఆడోళ్లు సంఘం రేడియో నడుపుతున్నరు. విత్తనం గురించి చెప్పిన గొంతు ఈ ముచ్చట కూడా చెప్తే పది ఇండ్లు నిలబడతయి.

సర్కారును మనం అడిగేది ఇది. బోటు ట్యాంకు చావును మ్యాన్‌హోల్ చావుతో సమానంగా లెక్కగట్టాలె. సర్కారు కంపెనీ కిరాయి తీసుకునే ప్రతి బోటులో రిజర్వేషన్ ఉండాలె. ఏ పనిలో ఏ కులమోడు ఉన్నడో, ఏ పనిలో చచ్చిండో రాసి బయటపెట్టాలె. రాయకపోతే మనమే రాద్దాం. ఊరూరా, వాడవాడా తిరిగి పోయినోళ్ల పేర్లు, రానోళ్ల పేర్లు రాద్దాం.

జై భీం!