రైతు ఇంట సేవా జాగిలం: ఇది విస్తరణ విభాగానికి సంబంధించిన విషయమేనా?

విస్తరణ విద్య చదివిన వారందరికీ అమెరికాలోని ఫోర్-హెచ్ సంఘాల పేరు తెలిసినదే. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం, మొక్కజొన్న సంఘాలు, దూడల పెంపకం పోటీలు, నాలుగు ఆకుల చిహ్నం - ఇంతవరకు విద్యార్థులు పరీక్షలలో చక్కగా రాస్తారు. అయితే ఆ సంఘాల పిల్లలు 1942 నుంచి న్యూజెర్సీ ప్రాంతంలో, అంధులకు దారి చూపే కుక్కల పిల్లలను తమ ఇళ్లలో సాకుతున్నారన్న సంగతి మన పాఠాలలో ఎక్కడా రాదు. వరికి, వేరుశనగకు, గేదెకు, కోడికి, చివరకు వానపాముకు కూడా మన వద్ద శాస్త్రీయ యాజమాన్య పద్ధతుల కరపత్రం ఉంది. రైతు ఇంటి ముంగిట పడుకునే కుక్కకు లేదు. ఇది చిన్న లోపమని నేను అనుకోవడం లేదు.

పూర్వాపరాలు క్లుప్తంగా చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం జర్మనీలో ఈ శిక్షణ వ్యవస్థీకృతమైంది. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతున్న డొరతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ 1927లో దీని గురించి ఒక వారపత్రికలో వ్యాసం రాశారు. ఆ వ్యాసం సంగతి తెలిసిన మారిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడు 1928లో ఆమె వద్దకు వెళ్లి, బడ్డీ అనే కుక్కతో స్వదేశానికి తిరిగి వచ్చాడు. మరుసటి ఏడాది ‘ది సీయింగ్ ఐ’ సంస్థ ఏర్పడింది. సంస్థలో పుట్టిన పిల్లలను సుమారు ఏడెనిమిది వారాల వయసులో పెంపకపు ఇళ్లకు ఇస్తారు. ఏడాదికి పైగా అక్కడ పెరిగిన తరువాత అవి సంస్థకు తిరిగి వస్తాయి. అప్పుడు శిక్షకుడు సుమారు నాలుగు నెలలు నేర్పుతాడు. ఆ పైన కుక్కను, అంధ వ్యక్తిని జతపరచి ఇద్దరికీ కలిపి తర్ఫీదు ఇస్తారు.

ఈ లెక్కను గమనించండి. శిక్షకుని వద్ద నాలుగు నెలలు, ఇంటి వద్ద ఏడాదికి పైగా. దారి చూపడం నేర్పేది శిక్షకుడే. ‘ముందుకు’ అని యజమాని ఆజ్ఞాపించినా, ఎదురుగా వాహనం వస్తూ ఉంటే కదలక నిలబడే వివేకాన్ని నేర్పేదీ అతడే. కానీ బెదరని, తొందరపడని, మనిషిని నమ్మిన కుక్కను అతని చేతికి అందించవలసింది పెంచిన కుటుంబం.

వ్యవసాయ క్షేత్రంలో ఆ పెంపకం ఎలా సాగుతుందో చూద్దాం. తెల్లవారుజామున పాలు పితికే పని మొదలు కాకముందే పిల్లను పట్టీతో బయటకు తీసుకువెళ్లాలి. మలమూత్ర విసర్జనకు ప్రతిరోజూ అదే సమయం, అదే మాట. రేపటి యజమాని చూడలేడు కనుక, కుక్క ఎక్కడ, ఎప్పుడు విసర్జిస్తుందో అతనికి ముందుగా తెలిసి ఉండాలి. శుభ్రం చేయవలసింది కూడా అతడే. మేత తూచి, వేళకు పెట్టాలి. గిన్నె నేలపై పెట్టి అనుమతి ఇచ్చేదాకా పిల్ల కూర్చొని ఉండాలి. కంచంలోని ముద్ద ఒక్కసారైనా విసరకూడదు. విసిరితే, రేపు భోజనశాలలో యజమాని కాళ్ల దగ్గర కదలకుండా పడుకోవలసిన కుక్క పక్క బల్లల వైపు మెడ చాస్తుంది. ఇంట్లో తాతలు, అమ్మమ్మలు ఉన్నచోట ఈ ఒక్క నియమం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

పశువుల కొట్టం అసలు పాఠశాల. కోడి పరుగెత్తితే వెంటపడటం, దూడను చూసి మొరగడం కుక్కపిల్లకు స్వభావం. దానిని కొట్టి మాన్పితే భయం మిగులుతుంది. భయపడిన కుక్క రద్దీ రోడ్డు మీద పనికిరాదు. కనుక పట్టీ పొట్టిగా పట్టుకొని, కోడికి దూరంగా నిలబెట్టి, అది కోడిని విడిచి తన వైపు చూసిన క్షణంలో మెచ్చుకోవాలి. రేపు ఇంకొక అడుగు దగ్గరగా. ట్రాక్టరుకు అలవాటు చేయడం కూడా ఇదే వరుసలో: మొదట ఆపి ఉన్న ట్రాక్టరు చుట్టూ నడక, తరువాత దూరాన నడుస్తున్న ఇంజను, ఆ తరువాత దగ్గరగా. సాయంత్రం చెవులు, పాదాలు, పళ్లు పట్టి చూడటం, గోమార్లు ఏరడం, దువ్వడం. పశువైద్యుడు తాకితే బెదరకపోవడం ఇక్కడే అలవాటు కావాలి.

ఈ ఏడాది ఎందుకంత ముఖ్యమో పరిశోధన ఎప్పుడో చెప్పింది. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు దీర్ఘకాలం చేసిన పని 1965లో గ్రంథంగా వెలువడింది. కుక్కపిల్ల మనుషులతో, పరిసరాలతో చెలిమి కలుపుకొనే సున్నితదశ సుమారు మూడవ వారం నుంచి పన్నెండవ వారం వరకు ఉంటుందని వారు చూపారు. ఆ దశ దాటేదాకా దొడ్లలోనే ఉండిపోయిన పిల్లలు మార్గదర్శక జాగిలాలుగా నిలదొక్కుకోలేకపోతున్నాయని కాలిఫోర్నియాలో ఫాఫెన్‌బర్గర్ గమనించాడు. సస్యశాస్త్రజ్ఞునికి ఇందులో కొత్తదనం లేదు. ముదురు నారు నాటి, ఆ తరువాత ఎంత నత్రజని వేసినా పోయిన పిలకలు తిరిగి రావు.

అలాగని పొలం ఇల్లు అన్నిటికీ చాలుతుందని చెప్పను. అక్కడ పెరిగిన కుక్కకు లిఫ్టు తెలియదు, ఇనుప జాలీ మీద నడక తెలియదు, గుంపు తెలియదు. పైగా విశాలమైన చోట విచ్చలవిడిగా తిరగడం, నేల మీది ప్రతిదీ వాసన చూసి తినడం సులువుగా అలవడతాయి. అందుకే పెంపకందారులు పిల్లను తరచు పట్టణానికి తీసుకువెళ్లి అంగళ్లు, బస్సులు, మెట్లు చూపించాలి. జన్యురూపం ఒక్కటే అయినా పర్యావరణాన్ని బట్టి ఫలితం మారుతుందన్న మన బహుళ స్థాన ప్రయోగాల పాఠమే ఇదీ.

ఇక అన్నిటికంటే కఠినమైనది విడిచిపెట్టడం. పాలపళ్లు ఊడినప్పటి నుంచి తన మంచం పక్కన పడుకున్న కుక్కను ఆ బాలుడు లేదా బాలిక ఒకరోజు తిరిగి ఇచ్చేయాలి. శిక్షణ చివరిలో సీయింగ్ ఐ వారు పెంచిన కుటుంబాన్ని మోరిస్‌టౌన్‌కు పిలుస్తారు. శిక్షకునితో వీధుల్లో నడుస్తున్న కుక్కను ఆ కుటుంబం వెనుక నుంచి, దాని కంటబడకుండా చూస్తుంది. పరీక్షలో నెగ్గని కుక్కలూ ఉంటాయి. వాటిని తీసుకొనే మొదటి అవకాశం పెంచిన వారికే ఇస్తారు. పిల్లల మనసు నొచ్చుతుందని ఈ పద్ధతిని తప్పుపట్టే వారున్నారు. దూడను పెంచి సంతకు తోలిన పిల్లవానికి ఇది కొత్త దుఃఖం కాదని నా అభిప్రాయం. మొదటి రోజే చెప్పి ఉంచడం మాత్రం తప్పనిసరి.

మన దగ్గరకు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దృష్టి లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు. వారికి రేపే మార్గదర్శక జాగిలాలు ఇద్దామనడం అవివేకం. కాలిబాట లేని రోడ్డు మీద, వీధికుక్కల గుంపుల మధ్య ఎంత శిక్షణ పొందిన కుక్క అయినా యజమానిని క్షేమంగా నడిపించలేదు. ఐఐటీ ఢిల్లీ రూపొందించిన స్మార్ట్‌కేన్ వంటి చేతికర్ర ప్రస్తుతానికి మనకు ఎక్కువ ఉపయోగం. కాబట్టి నా ప్రతిపాదన మార్గదర్శక జాగిలాల గురించి కాదు, ఆ పెంపకపు ఏడాది గురించి.

పోలీసు శాఖకు జాగిలాలు కావాలి. మొయినాబాద్‌లో వాటికి శిక్షణ కేంద్రమే ఉంది. వన్యప్రాణి నేరాల దర్యాప్తుకు అటవీ శాఖకూ కావాలి. ఈ పిల్లలలో కొన్నింటినైనా మొదటి ఏడాది రైతు కుటుంబాలలో పెంచి చూడవచ్చు. మనకు ఈ విద్య పూర్తిగా పరాయిదీ కాదు. దక్కనీ గొర్రెల వెంట నడిచే గొల్ల, కురుమ కాపరులు కుక్కపిల్లను మందలోనే పెంచుతారు. గొర్రె పిల్లల నడుమ పెరిగినది గొర్రెను కరవదని వారికి ఏ గ్రంథమూ చెప్పలేదు. ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకొనే రైతులు ఆ కుక్కలను ఏటా చూస్తూనే ఉన్నారు. మన శాస్త్రవేత్తలు మాత్రం రాత్రి మంద వేసే ఎరువును లెక్కగట్టారు గానీ, ఆ మందను కాచిన జంతువును లెక్కలోకి తీసుకోలేదు.

తినడానికే లేని ఇంట్లో కుక్కకు మేతా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మేత, టీకాలు, వైద్యం ఖర్చు కుక్కను కోరిన శాఖే భరించాలి. కుటుంబానికి నెలసరి పారితోషికం ఇవ్వాలి. అది లేకుండా గ్రామీణ యువత సేవాభావం పేరిట ఈ పని అప్పగించడాన్ని నేను సమర్థించను. కరిచినప్పుడు బాధ్యత ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ప్రారంభానికి ఒక్క కృషి విజ్ఞాన కేంద్రం చాలు. దానికి తోడు పశువైద్య కళాశాల, పది కుటుంబాలు, రావెప్ కార్యక్రమంలో గ్రామంలో మకాం ఉన్న మన విద్యార్థులు. ఫోర్-హెచ్ పిల్లలు తమ ప్రతి ప్రాజెక్టుకు రికార్డు పుస్తకం రాస్తారు; మన విద్యార్థి కూడా వారం వారం అటువంటిదే నింపాలి. బరువు, తిన్న మేత, టీకా తేదీ, దేనికి బెదిరింది, ఎన్ని రోజులకు ఆ బెదురు పోయింది. రేబిస్ టీకా గడి ఖాళీగా ఉంటే తరువాతి పేజీ తెరవకూడదు. ఆ గడి పక్కన పశువైద్యుని సంతకానికి చోటు వదలాలి.