గడి తీసేస్తే కులం పోతుందా?

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. ఒకటి 500, మరొకటి 600 మెగావాట్ల యూనిట్. ఇటువంటి కేంద్రాల్లో ఎంత బొగ్గు కాలిందో, ఎంత బూడిద తేలిందో రోజువారీ లెక్క ఉంటుంది. ఆ బూడిద ఎత్తే చేతులు ఏ కులాలవో చెప్పే లెక్క మాత్రం ప్రజల ముందుకు రాదు.

మానవ వనరుల నిర్వహణలో బిగ్ డేటా అన్నది ఇప్పుడు సదస్సుల్లో మారుమోగుతున్న మాట. హాజరు, నైపుణ్యం, ప్రమాదాలు, శిక్షణ వివరాలన్నీ యంత్రానికి అప్పగిస్తే, బొగ్గు తగ్గి సౌరవిద్యుత్తు పెరిగే రోజున ఎవరిని కొత్త పనికి మళ్లించాలో అది నిష్పక్షపాతంగా తేలుస్తుందంటారు. సుస్థిరత అంటే అదేనంటారు. పట్టికలో కులం గడే లేనప్పుడు వివక్ష ఎక్కడిదన్నది వారి ప్రశ్న.

గడి లేకపోయినా కులం ఉంటుంది. ఇంటిపేరులో, ఊరిలో, పిన్‌కోడ్‌లో, చదివిన కళాశాలలో ఉంటుంది. అమెజాన్ తయారుచేసుకున్న నియామక సాఫ్ట్‌వేర్ పాత దరఖాస్తుల నుంచి నేర్చుకుని మహిళల దరఖాస్తులకు తక్కువ మార్కులు వేసిందని 2018లో బయటపడింది. ఆ సంస్థ దాన్ని పక్కన పెట్టింది. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ ఒకే అర్హతలతో వేర్వేరు పేర్ల దరఖాస్తులు ప్రైవేటు కంపెనీలకు పంపి, దళిత పేర్లకు పిలుపులు తక్కువగా వస్తున్నాయని 2007లోనే చూపారు. ఆ పాత నిర్ణయాలే రేపటి యంత్రానికి పాఠ్యపుస్తకాలు.

మన విద్యుత్ సంస్థలనే చూడండి. 2017లో సుమారు 23 వేల మంది ఔట్‌సోర్సింగ్ కార్మికులను విలీనం చేసుకుని ఆర్టిజన్లన్నారు. నాలుగు గ్రేడ్లు పెట్టారు. అట్టడుగు గ్రేడు పేరు ‘నైపుణ్యం లేనివారు’. ఏళ్ల తరబడి కన్వేయర్ బెల్టు కింద పనిచేసి, ఏ శబ్దం వస్తే బెల్టు ఆగబోతుందో చెవితో పసిగట్టే మనిషి కూడా ఐటీఐ పత్రం లేకుంటే డేటాలో నైపుణ్యం లేనివాడే. (ఈ పేరు పెట్టినవారు ఒక్క షిఫ్టయినా ఆ దుమ్ములో నిలబడ్డారా?) ఆ పత్రం ఎవరికి అందింది, ఎవరికి అందలేదన్నది కులాన్ని వదిలి చెప్పగలిగే సంగతి కాదు. కొత్త శిక్షణకు అల్గారిథమ్ ముందుగా ఎంచేది నైపుణ్యం ఉన్నవారినే. కాంట్రాక్టరు కింద మిగిలినవారు ఆ పట్టికలోకే రారు.

పెద్ద లిస్టెడ్ కంపెనీలు సెబీకి ఇచ్చే సుస్థిరత నివేదికల్లోనూ ఉద్యోగుల లెక్క స్త్రీ పురుషులుగా, వికలాంగులుగా ఉంటుంది, కులాలవారీగా ఉండదు. జెన్‌కో లిస్టెడ్ కంపెనీ కాదు కనుక ఆ పాటి బాధ్యతా లేదు. మరోవైపు ఇదే రాష్ట్రం 2024 కులసర్వేలో బీసీలు 56.33, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతమని లెక్కతేల్చింది. ఇంటింటా కులం అడగగలిగిన ప్రభుత్వం తన సొంత బాయిలర్ దగ్గర ఎందుకు అడగదు?

ఫలానా కార్మికుడిది ఫలానా కులమని ప్రతి మేనేజరు తెరపైనా కనిపించాలని నేననడం లేదు. అది మరో ప్రమాదం. పేర్లు తీసేసి, గ్రేడు వారీగా, శాశ్వత, ఆర్టిజన్, కాంట్రాక్టు వారీగా మొత్తం సంఖ్యలు ప్రకటిస్తే చాలు. చెల్పూరులో ఆ పని శిక్షణ జాబితా తయారయ్యే ముందే జరగాలి. జాబితా వచ్చాక లెక్క అడిగితే, యంత్రం ఇచ్చిన జవాబంటూ చేతులు దులుపుకుంటారు.