జరీ తిప్పి చూస్తాం, మరి కార్డో?

రెండేళ్ల క్రితం మా అత్తయ్యగారు, మామయ్యగార్ల పెళ్లయి యాభై ఏళ్లు నిండాయని ఇంట్లోనే వేడుక చేసుకున్నాం. ఫొటోగ్రాఫర్ ఎందుకు, మన కెమెరా ఉందిగా అని మావారు ఎగ్జిబిషన్‌లో మెమరీ కార్డు కొనుక్కొచ్చారు. ఐదొందలకే 512 జీబీ! నేనూ మురిసిపోయాను.

తీరా కంప్యూటర్‌లో పెడితే పొద్దుటి పూజ దాకానే ఫొటోలు తెరుచుకున్నాయి. దండలు మార్చుకున్నవి ఒక్కటీ రాలేదు. అది దొంగ కార్డట. లోపల ఉన్న జాగా కొంచెమే అయినా, 512 అని కెమెరాకి అబద్ధం చెప్పేలా తయారుచేస్తారట. ఉన్న జాగా నిండాక తీసినవేవీ నిలవవు.

ఆర్నెల్లకి అత్తయ్యగారు పోయారు. “ఆ దండల ఫొటో ఒక్కటైనా లేదా అమ్మా?” అని మామయ్యగారు ఇప్పటికీ అడుగుతుంటారు.

తప్పంతా మావారిదే అనను. పట్టుచీర కొంటే జరీ తిప్పి చూస్తాను, బంగారం కొంటే హాల్‌మార్క్ అడుగుతాను. కార్డు దగ్గరికొచ్చేసరికి ‘అవన్నీ మగవాళ్లు చూసుకుంటారులే’ అని ఊరుకున్నాను. ఇంట్లో ఫొటోలు దాచేదీ, మళ్లీ మళ్లీ తీసి చూసుకునేదీ ఎక్కువగా మనమే కదా! ఆ కార్డు మీద రాతలు చదవడం మనకీ రావాలి. అదేం బ్రహ్మవిద్య కాదు.

ఎస్‌డీహెచ్‌సీ అంటే 32 జీబీ దాకా, ఎస్‌డీఎక్స్‌సీ అంటే ఆపైన 2 టీబీ దాకా. పాత కెమెరా ఎస్‌డీహెచ్‌సీ వరకే తీసుకునేదైతే 64 జీబీ కార్డు పనిచేయకపోవచ్చు. పెద్దంకెల్లో వేసే వేగం మామూలుగా కార్డులోంచి బయటికి తీసుకునేటప్పటిది. మనం చూడాల్సింది కార్డులోకి రాసే వేగం. ఇంగ్లీషు ‘సి’ అక్షరంలో 10 ఉంటే సెకనుకి కనీసం 10 ఎంబీ. ‘యు’ అక్షరంలో 3 గానీ, వి30 అని గానీ ఉంటే కనీసం 30. మామూలు ఫొటోలకి మొదటిది చాలు, 4కె వీడియోకి రెండోది తీసుకోండి.

64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59 చూపిస్తే కంగారుపడకండి, అది లెక్కకట్టే పద్ధతిలో తేడా. కారుచౌకగా ఇస్తానంటే మాత్రం అనుమానించండి. తెలిసిన షాపులో బిల్లు తీసుకుని కొనండి. వేడుకకి ముందే పాత వీడియోలతో కార్డంతా నింపి, ఒకసారి తీసి మళ్లీ పెట్టి, చివరగా వేసినవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఒక్క పెద్ద కార్డు బదులు రెండు చిన్నవి నయం. ఒకటి పాడైనా రెండోది మిగులుతుంది.

మొన్న మా మరిది కూతురి బారసాలకి కార్డు నేనే కొన్నాను. ఆ రాత్రి వంటింటి పని మొదలుపెట్టకముందే ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకీ, హార్డ్ డిస్క్‌లోకీ ఎక్కించాను. మామయ్యగారు మనవరాలిని ఎత్తుకున్న ఫొటో ఇప్పుడు రెండు చోట్ల ఉంది.