పాత బండికీ పళ్లు చూడాలి!

ఒంగోలు గిత్తను కొనడానికి వెళ్లిన రైతు ముందు దాని నడక చూస్తాడు. తర్వాత పళ్లు లెక్కపెడతాడు. సుడులు చూస్తాడు. ఎవరి కొట్టంలో పుట్టింది, ఎన్ని చేతులు మారింది అని ఊళ్లో నలుగురినీ అడుగుతాడు. అప్పుడుగానీ ధర మాట ఎత్తడు. అదే రైతు కొడుకు పాత మోటారు సైకిలు కొనడానికి వెళితే? ఒక్క కిక్కు కొడతాడు. ఆ చప్పుడు విని మైమరచిపోతాడు. వెంటనే బయానా ఇచ్చేస్తాడు!

ఆ చప్పుడుకు పెట్టింది పేరు రాజ్‌దూత్ 350. జపాన్ యమహా వారి ఆర్‌డీ350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి మన దేశంలో తయారుచేసింది. 347 సీసీ టూస్ట్రోక్ ఇంజిను, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. అప్పటి మన రోడ్లకు అదో తారాజువ్వ. కానీ పెట్రోలు బాగా తాగేది, ధరా ఎక్కువే. దాంతో ఆ దశాబ్దం తిరిగేసరికే తయారీ ఆగిపోయింది. ఆనాడు వద్దన్నదే ఈనాడు అపురూపమైంది. దాని తమ్ముడు ఆర్‌ఎక్స్100 మాత్రం 1985 నుంచి 1996 దాకా ఊరూరా తిరిగింది. అయినా చెక్కుచెదరని ఆర్‌ఎక్స్100 దొరకడం ఇప్పుడు కష్టమే.

గిరాకీ ఉన్నచోట గారడీ కూడా ఉంటుంది. గుడివాడ దగ్గర పల్లెటూరి కుర్రాడొకడు రాజ్‌దూత్ 350 కోసం బెజవాడ వచ్చాడనుకుందాం. వాళ్ల నాన్న కాలేజీ రోజుల్లో అలాంటి బండి మీదే తిరిగాడు. చెల్లెలి పెళ్లికి అమ్మేశాడు. అరవయ్యో పుట్టినరోజుకి అలాంటిదే తెచ్చివ్వాలని కొడుకు ముచ్చట. అమ్మేవాడు ఏకరువు పెట్టాడు... ‘ఒకే ఓనరండీ, హెచ్‌టీ మోడలు, కంపెనీ పెయింటు’. చెప్పిన ధరకు కొత్త బుల్లెట్ వస్తుంది. అదృష్టం కొద్దీ ఆ కుర్రాడు ఆటోనగర్ నుంచి ఓ పాతకాలం మేస్త్రీని వెంట తీసుకెళ్లాడు.

ఇంజిను ముట్టుకోకముందే...

మేస్త్రీ కిక్కు జోలికే పోలేదు. ఇంజిను మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది. ‘ముందే స్టార్టు చేసి ఉంచారు బాబూ. చల్లారాక మొదటి కిక్కుకి ఎలా లేస్తుందో చూడాలి’ అన్నాడు. టీ తాగొచ్చేలోగా కాగితాలు అడిగాడు.

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. అక్కడ ఆకురాయి పెట్టిన గీతలున్నా, అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా, ఆ ఒక్కచోటే రంగు దళసరిగా ఉన్నా... బేరం అక్కడితో ఆపెయ్యాలి. అది దొంగబండి అయితే డబ్బుతోపాటు పరువూ పోతుంది.

నంబరు ప్లేటూ కథ చెబుతుంది. ఏపీ 16 లాంటి నంబర్లు 1989 జులైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాక పుట్టినవి. అంతకుముందువి మూడక్షరాల నంబర్లు. 1984 నాటి బండికి ఏపీ 16 ఉందంటే మధ్యలో ఎక్కడో మళ్లీ రిజిస్టరు అయిందన్నమాట. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిందా, వేలంలో కొన్నదా? తప్పేం కాదు, కానీ ‘ఒకే ఓనరు’ అన్న మాట మాత్రం అనుమానించాల్సిందే.

‘వింటేజ్’ అన్న మాటకూ పడిపోకూడదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండే వింటేజ్. అంటే 1983 బండికి ఆ హోదా 2033 దాకా రాదు. పైగా వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించడం కుదరదు.

స్టిక్కరు చెప్పే అబద్ధం

ఈ బండి రెండు రకాలుగా వచ్చింది. ముందొచ్చిన హెచ్‌టీకి 30.5 హార్స్‌పవర్. మైలేజీ కోసం శక్తి తగ్గించి తెచ్చిన ఎల్‌టీకి 27. హెచ్‌టీకే ధర ఎక్కువ. అందుకే ఎల్‌టీకి హెచ్‌టీ స్టిక్కరు అంటించేవాళ్లుంటారు. ఆర్‌ఎక్స్100 పేరుతో ఆ తర్వాత వచ్చిన 132 సీసీ బళ్లను అంటగట్టేవాళ్లూ ఉంటారు. తేడా స్టిక్కర్లో కాదు, సిలిండర్లలో, సైలెన్సర్లలో ఉంటుంది. అది తెలిసిన కన్నే పట్టుకోవాలి.

మేస్త్రీ చివరికి కిక్కు కొట్టాడు. మొదట కాస్త పొగ రావడం టూస్ట్రోక్‌కి మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా కమ్ముకుంటుంటే క్రాంకు ఆయిల్ సీళ్లు పోయినట్టు. రెండు సైలెన్సర్ల దగ్గరా అరచెయ్యి పెట్టి చూస్తే తోపు సమానంగా ఉండాలి. ఆయిల్ పంపు తీసేసి, పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకొంటున్నారా అన్నదీ చూడాలి. తీసేసి ఉంటే దాన్ని వెతికి బిగించే ఖర్చు ధరలోంచి తగ్గాలి.

బెజవాడలో మరో పరీక్ష కూడా తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వేల బళ్లు మునిగాయి. పైన రంగేస్తే ఏమీ తెలియదు. హెడ్‌లైట్ డోములో, సీటు కింద మూలల్లో ఎండిన ఒండ్రు, వైర్ల చివర పచ్చటి చిలుము, స్పీడోమీటరు అద్దం లోపల మసక... ఇవన్నీ వరద సంతకాలే.

కథ ఉంటే చాలదు, సాక్ష్యం ఉండాలి

ఈ చిక్కు మనకే కాదు. 1969 నాటి హాలీవుడ్ సినిమా ‘ఈజీ రైడర్’లో వాడిందంటూ ఓ బండిని 2014లో కాలిఫోర్నియాలో వేలం వేస్తే 13.5 లక్షల డాలర్లు పలికింది. తీరా చూస్తే అసలు బండి తన దగ్గరుందంటూ మరొకాయన బయటికొచ్చాడు. రెండింటికీ ధ్రువపత్రం ఇచ్చింది ఒక్కరే! అందుకే పాత బిల్లు, పాత ఆర్‌సీ, పాత బీమా కాగితం, ఆనాటి ఫొటో... ఇవే బండికి వంశవృక్షం. నోటిమాటకు ధర కట్టకూడదు.

మన కుర్రాడి బేరం ఏమైంది? బండి ఎల్‌టీ అని తేలింది. రంగు కొత్తది. పైగా ఆర్‌సీలో ఉన్న పెద్దాయన కాలం చేసి నాలుగేళ్లయింది. వారసులు ఫారం 31తో తమ పేరుకు మార్చుకుంటేగానీ అమ్మే హక్కు రాదు. ఆ తర్వాతే 29, 30 ఫారాల మీద సంతకాలు. పేరు మార్చకుండా అమ్మేసి చేతులు దులుపుకొందామనుకునేవాళ్లకూ ముప్పే. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డుల్లో ఎవరి పేరుంటే వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

కుర్రాడు ఉసూరుమంటూ నాన్నకి ఫోన్ చేశాడు. ‘పుట్టినరోజు దాటిపోతే పోనీరా. కాగితాలు సరిచేసుకుని, ఎల్‌టీ ధరకే ఇస్తానంటే తీసుకుందాం. ఇద్దరం కలిసే బాగుచేసుకుందాం’ అన్నాడాయన.

మేస్త్రీ నవ్వాడు. ‘బేరం తెలిసింది మీ నాన్నకేనయ్యా’ అంటూ చేతులు తుడుచుకున్నాడు.