చచ్చాక ఐదు లక్షలు సరే, బతికించే పది సీసాలు ఎక్కడ?

2030 నాటికి ప్రతి మనిషికీ వైద్యం అందాలని 2015లో ఐక్యరాజ్య సమితిలో ఒప్పుకున్న దేశాల్లో మనదీ ఒకటి. గడువు దగ్గర పడుతున్న కొద్దీ సర్కారు వారి పట్టికలు, రంగురంగుల పటాలు ఎక్కువవుతున్నాయి. ఆ పట్టికల్లో రైతు ఎక్కడున్నాడో మనం వెతకాలి.

జరిగిన మంచిని కాదనం. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 70 లోపుకు రావాలన్నది ప్రపంచ లక్ష్యం. 2018-20 లెక్కల్లోనే తెలంగాణ 43కి, ఆంధ్రప్రదేశ్ 45కి దించాయి. ఇంటింటికీ తిరిగిన ఆశాలు, ఏఎన్‌ఎంల కష్టం అది. ఆ ఆశాలకు ఇప్పటికీ జీతం లేదు, పారితోషికమే. అది వేరే వ్యాసం. లెక్క పెట్టాలని, తగ్గించాలని సర్కారు అనుకుంటే పని జరుగుతుందని మాత్రం ఇక్కడ తేలిపోయింది.

మరి పాము కాటు సంగతేమిటి?

దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాము కాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. వీరిలో ఎక్కువ మంది పల్లెల వాళ్లే, ఎక్కువ మంది ఇళ్ల దగ్గరే పోయారు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంటే మనం నాట్లు వేసి కలుపు తీసే రోజుల్లోనే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సర్కారు దవాఖానాల రికార్డుకెక్కేది ఇందులో కొద్ది భాగమే. దారిలో పోయినవాడు, మంత్రగాడి దగ్గర పోయినవాడు ఏ లెక్కలోకీ రాడు.

ఎవరికి కరుస్తుంది? నీటి వంతు రాత్రి పడితే మడవ మార్చడానికి పోయినవాడికి. అడవి పందుల నుంచి మక్క చేనుకు కావలి పడుకున్నవాడికి. పత్తి ఏరే ఆడ కూలీకి. పేరెత్తడానికి కూడా భయపడి 'పురుగు ముట్టింది' అంటాం. కట్లపాము అయితే గాటు కనబడదు, నొప్పీ ఉండదు. తెల్లారి కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలయ్యేసరికి అజీర్తి అనుకుంటాం. ఈలోపు పొద్దు పోతుంది.

ఇప్పుడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సంగతి చూడండి. చాలా చోట్ల సాయంత్రం నాలుగు దాటితే డాక్టరు ఉండడు. ఉన్నా 'జిల్లాకు తీసుకుపోండి' అనేదే మాట. నిజానికి కావలసింది పెద్ద యంత్రాలేమీ కాదు. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. గడ్డ కట్టకపోతే పింజర విషం ఎక్కినట్టే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు. మొదటి మోతాదు సాధారణంగా పది సీసాలు. మందు పడక కొందరికి ఒళ్లు దద్దుర్లెక్కడం, బీపీ పడిపోవడం జరుగుతుంది. దానికి సూదిమందు పక్కన పెట్టుకోవాలి. ఆ భయానికే కొందరు డాక్టర్లు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. డాక్టర్ని తిట్టి లాభం లేదు. శిక్షణ ఇచ్చి, మందులిచ్చి, రాత్రి డ్యూటీకి మనిషిని వెయ్యాల్సింది సర్కారు.

కాగితం మీద అంతా ఉంది. పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వం అదే మాటతో 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. ప్రతి కాటునూ, ప్రతి మరణాన్నీ తప్పక నమోదు చేయించాలని ఆ నవంబరులో రాష్ట్రాలకు రాసింది. ఆ ఉత్తరం మన మండలం దాకా ఎప్పుడొస్తుంది?

తెలంగాణలో రైతు బీమా ఉంది కదా అంటారు. ఉంది. 2018 నుంచి, 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే ఇంటికి ఐదు లక్షలు. దాన్ని మేము వద్దనం. కానీ పట్టా లేని కౌలు రైతుకు అదీ లేదు, పక్క సాలులో కలుపు తీసే కూలీ మనిషికీ లేదు. శవానికి ఐదు లక్షలు కట్టే ఏర్పాటు చేయగలిగిన వాళ్లకు, ప్రాణం ఉండగానే పది సీసాలు మండలంలో ఉంచడం చేతకాదంటే ఎలా నమ్మాలి? ఇది డబ్బు లేక కాదు. పొలంలో పోయే ప్రాణానికి విలువ కట్టకపోవడం వల్ల.

అందుకే ఈ నెల మండల కమిటీలన్నీ తమ పీహెచ్‌సీకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. విరుగుడు సీసాలు నేడు ఎన్ని ఉన్నాయి, వాటి గడువు తేదీ ఏది, గత ఏడాది ఎన్ని పాము కాటు కేసులు వచ్చాయి, ఎన్నింటికి మందు ఎక్కించారు, ఎన్నింటిని పైకి పంపారు, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నకళ్లు జిల్లా ఆఫీసుకు పంపండి. మీ ఊళ్లో దవాఖానాకు చేరకుండా పోయిన వాళ్ల వివరాలు కూడా, ఊరు, నెల, కాటు పడిన చోటు రాసి జత చెయ్యండి. వానాకాలం నాట్లకు ముందే వాటన్నిటినీ సోమవారం ప్రజావాణిలో కలెక్టరు ముందు పెడతాం.